దుఃఖానికి ఒక పని అప్పగించు



చెరువు గట్టున నాట్యం చేస్తానని, దుక్కి నుంచి కోత దాకా సాగే ఏడాదిని, అందులో తాతయ్య లేని లోటును చూపిస్తానని రాశావు. ఆలోచన బాగుంది. కానీ సగం సేపు కన్నీటి అభినయమే పెట్టుకున్నావు. శోకం స్థాయీభావం, కరుణ రసం అని పాఠం చెప్పింది నేనే. అయితే ఆరుబయట అంత దూరాన నిలబడ్డవాళ్లకు నీ కంటి తడి కనబడదు. కనబడేది నడక, వంగిన నడుము, ఆగిన కాలు.

కాలిఫోర్నియాలోని టమల్‌పయస్ కొండ వాలున నివసించిన నర్తకి అన్నా హాల్‌ప్రిన్ (1920–2021) చేసిన పని తెలుసుకో. 1979 నుంచి ఆ కొండ దారుల్లో వరసగా హత్యలు జరిగాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. జనం కొండ ఎక్కడానికే భయపడ్డారు. 1981లో అన్నా, ఆమె భర్త లారెన్స్ అక్కడివాళ్లను కూడగట్టి, ఆ కొండ కోసం, ఆ కొండ మీద నాట్యం చేయించారు. కొన్నాళ్లకు హంతకుడు దొరికాడు. అది నాట్యం మహిమ అని నేననను. భయపడి వదిలేసిన దారిలో నలుగురూ కలిసి అడుగు పెట్టారు, అది చాలు.

అదే తర్వాత ‘ప్లానెటరీ డాన్స్’ అయింది. ఏటా వసంతంలో చేస్తారు. అందులో ‘ఎర్త్ రన్’ చూడు. మధ్యలో డోళ్లు ఒకే లయలో మోగుతుంటాయి. ఒక్కొక్కరే ఎవరి కోసం పరిగెత్తుతున్నారో గట్టిగా చెప్పి బయటి వలయంలోకి దిగుతారు. అలసినవాళ్లు లోపలి వలయంలోకి జరిగి నడుస్తారు, ఇంకా అలసిపోతే నిలబడిపోతారు. వెనక కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు. ఎవరూ ఏడుపు నటించరు. ఒకరు నెమ్మదిస్తుంటే మరొకరు అందుకోవడంలోనే రుతువులూ ఉన్నాయి, మరణమూ ఉంది.

ఆరుబయలు మనకు కొత్త కాదు. కూచిపూడి భాగవతులు కాగడాల వెలుగులో వీధుల్లోనే ఆడారు. పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమనేది, చివరనున్నవాడికీ వేషం కనబడేది. నువ్వూ మొదట జనానికి కనబడే సంగతి చూసుకో. పడమటి ఎండ జనం కళ్లలో పడకూడదు. మెత్తటి మట్టిలో పాదం చప్పుడు వినబడదు కాబట్టి తాళం డప్పుకు వదిలెయ్. గట్టు మీద కాలు జారే చోట ముందే నడిచి చూసుకో.

ఇక తాతయ్య సంగతి. మడవ తిప్పేటప్పుడు ఆయన ముందు పారతో మట్టి తీసేవాడు, నీళ్లు మళ్లాక ఆ మట్టినే మడమతో తొక్కి గట్టి చేసేవాడు. ఆ పని నువ్వు మొదలుపెట్టి, సగంలో ఆపి, పక్కకు తప్పుకో. మిగతాది మరో పిల్ల వచ్చి పూర్తి చెయ్యాలి. ముందు ఇద్దరూ నిజంగా పార పట్టి నేర్చుకోండి. ఆ వరస కుదిరాక కబురు పంపు, ముఖాభినయం ఎంత ఉండాలో అప్పుడు మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ