ఆ ఒక్క ప్రశ్న మానేస్తే? - జిట్ కంపైలర్, దాని కాపలా

టిఫిన్ సెంటర్‌లో వరసగా నాలుగు రోజులు ఇడ్లీ తిని చూడండి. ఐదో రోజు మనం నోరు తెరవకముందే మాస్టర్ ప్లేట్లో ఇడ్లీ వేసేస్తాడు. "ఇడ్లీయే కదా తమ్ముడూ?" అని ఒక్క మాట అడిగి చేతికిస్తాడు. బోలెడు టైమ్ కలిసొస్తుంది.

బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ని పరిగెత్తించే జస్ట్ ఇన్ టైమ్ కంపైలర్, పొట్టిగా జిట్, చేసేదీ ఇదే. ఒక ఫంక్షన్‌కి ప్రతిసారీ పూర్ణాంకాలే వస్తుంటే, ఇకముందూ అవే వస్తాయని ఊహించి దానికి తగ్గ మెషీన్ కోడ్ తయారుచేస్తుంది. ముందు ఒక చిన్న తనిఖీ పెడుతుంది. ఊహ తప్పితే ఆ కోడ్ వదిలేసి నెమ్మది దారిలోకి వెళ్తుంది.

ఆ తనిఖీ కూడా అనవసరం అని జిట్ అనుకున్నప్పుడే అసలు చిక్కు. పది గళ్ల అర్రే ఉందనుకుందాం. ఇండెక్స్ 0 నుంచి 9 మధ్యే ఉంటుందని లెక్కగట్టి హద్దుల తనిఖీ తీసేసింది. ఆ లెక్కే తప్పయితే? ఇండెక్స్ 50 వస్తుంది, పక్కనున్న మెమరీని చదువుతుంది, రాస్తుంది కూడా. దాడి చేసేవాడికి కావలసింది అదే. మనం చేసిందల్లా ఒక పేజీ తెరవడం! 2019 తర్వాత వీ8 ఇంజిన్‌పై నమోదైన సీవీఈల్లో సుమారు 45 శాతం జిట్‌కి చెందినవేనని ఎడ్జ్ బృందం 2021లో చెప్పింది.

బగ్గులన్నీ ఏరేయడం అయ్యే పని కాదు. అందుకే ఇంజినీర్లు ప్రశ్న మార్చారు: బగ్ ఉన్నా నష్టాన్ని ఎక్కడ ఆపగలం?

ఒకటి, తనిఖీ తీసేయకపోవడం. 2019లో వీ8 హద్దుల తనిఖీని అనవసరం అనిపించినా ఉంచేయడం మొదలుపెట్టింది. లెక్క తప్పితే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. క్రాష్ అయినా పర్లేదు, దోపిడీ కాకూడదు.

రెండు, రాసే చోటు వేరు, నడిపే చోటు వేరు. జిట్ కోడ్ ఉన్న మెమరీ పేజీకి రాసే హక్కు, నడిపే హక్కు ఒకేసారి ఉంటే, దొంగ తన కోడ్ అక్కడే రాసి నడిపించేస్తాడు. 2016లో ఫైర్‌ఫాక్స్ 46 ఒక సమయంలో ఒక హక్కే ఇవ్వడం మొదలుపెట్టింది.

మూడు, అంకెలకి ముసుగు. స్క్రిప్ట్‌లో మనం రాసిన పెద్ద అంకెల్ని జిట్ ఉన్నదున్నట్టు మెషీన్ కోడ్‌లో పెడితే, ఇన్‌స్ట్రక్షన్ మధ్యలోకి దూకి ఆ బైట్లనే ఆజ్ఞలుగా నడిపించవచ్చని 2010లో ఫ్లాష్ మీద చూపించారు. విరుగుడు తేలిక: అంకెని ఒక యాదృచ్ఛిక సంఖ్యతో ఎక్సార్ చేసి దాచి, వాడేముందు మళ్లీ విప్పడం.

నాలుగు, ప్రహరీ గోడ. వీ8 శాండ్‌బాక్స్‌లో పూర్తి చిరునామాలకి బదులు 40 బిట్ల దూరాలు వాడతారు. అంటే ఎంత చెడిపోయినా చెయ్యి ఒక టెరాబైట్ వర్చువల్ మెమరీ దాటదు. ఖర్చు సుమారు ఒక శాతం వేగమేనని 2024లో ఆ బృందం రాసింది.

వీటిలో ఏ ఒక్కటీ చాలదు. కొత్త కోడ్ రాయనివ్వకపోతే, దొంగ ఉన్న కోడ్ ముక్కల్నే తనకి కావలసిన వరసలో నడిపిస్తాడు. అందుకే గోడ వెనక గోడ. ముప్పు ఎక్కువున్నవాళ్ల కోసం ఐఫోన్ లాక్‌డౌన్ మోడ్ 2022లో జిట్‌నే ఆపేసింది. వేగం పోయినా సరే అని.

ఇందులో మన వంతూ ఉంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఇంజిన్ల సోర్స్ అందరికీ కనిపిస్తుంది. ఒక బగ్‌ని సరిచేశారంటే, ఆ సవరణ చదివి బగ్ ఏంటో దాడి చేసేవాడూ పసిగట్టగలడు. "అప్‌డేట్ వచ్చింది, రీలాంచ్ చేయండి" అని బ్రౌజర్ అడిగినప్పుడు "తర్వాత చూద్దాంలే" అంటూ మనం వాయిదా వేసే ప్రతి రోజూ అతనికి దొరికిన గడువే. ఇది చదవడం అయ్యాక ఒకసారి ఆ బటన్ నొక్కండి.