రైలొస్తోందని చెప్పని పిల్ల

రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్లు. సాయంత్రం ఐదున్నర. తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు, ఒక ఫోను, ఒక గుడ్డ సంచి. ముప్పై సెకన్ల టీవీ ప్రకటన తీయాలి. విషయం వాళ్లే ఎంచుకున్నారు. గోదారి స్నానానికి వచ్చేవాళ్లు పూలూ పసుపుకుంకుమలూ తెచ్చుకున్న ప్లాస్టిక్ కవర్లు మెట్ల మీదే వదిలేసి పోతున్నారు కదా, అదీ విషయం. సంచి పట్టుకున్న అమ్మాయి చివరి మాట చెప్పబోతుండగా ఆర్చ్ బ్రిడ్జి మీద గూడ్సు బండి మొదలైంది. గూడ్సంటే తెలుసుగా, అయిపోయిందనుకుంటే ఇంకో పది పెట్టెలు. మాట కాస్తా రైల్లో కలిసిపోయింది. మళ్లీ తీశారు, ఈసారి పాసింజరు. మూడోసారి పక్కనే ఎవరో బట్టలు బాదడం మొదలెట్టారు. నాలుగోసారి మళ్లీ రైలు. వెలుతురు పోయింది. అరుపులు మొదలయ్యాయి.

నేను వాళ్ల తెలుగు మాస్టారిని. పల్లీల పొట్లం పట్టుకుని పై మెట్టు మీద కూర్చుని చూస్తున్నాను. నది ఒడ్డున పిల్లల్ని వాళ్ల మానాన వదలకూడదు కాబట్టి అక్కడున్నాను గానీ, ప్రకటన తీయడం నాకూ రాదు. తగువులో తలదూర్చలేదు.

తీయడానికి వెళ్లొచ్చాక ఒక్కొక్కరూ విడిగా అర పేజీ రాయాలని ముందే చెప్పాను. నేనేం చేశాను, ఏం చేయలేదు, మా జట్టులో పని ఎక్కడ ఆగింది. అంతే. ఆరు కాగితాలొచ్చాయి. అందులో మూడు ఒకే నోటి మాటలా ఉన్నాయి. ఐకమత్యమే మహాబలం, పరస్పర సమన్వయం, నాయకత్వ లక్షణాలు అలవడినవి. రాత పిల్లలది, మాట పెద్దలది. ‘సమన్వయం’ అన్న మాటని అక్షరం పొల్లుపోకుండా రాసినవాడు పక్క లైన్లో ‘వాళ్లు’కి వత్తు మరిచిపోయాడు.

నాలుగో కాగితం చప్పుడు సంగతి చూసుకోవాల్సిన అమ్మాయిది. అందులో ఇలా ఉంది: ‘రైలొస్తోందని నాకు ముందే తెలుసు. మా ఇల్లు పట్టాల పక్కనే. కూత వినగానే ఎంతసేపట్లో వంతెన ఎక్కుతుందో నాకు తెలుస్తుంది. ఇక్కడ వద్దు, అటు పోదాం అని మొదట్లో రెండుసార్లు చెప్పాను. నీకేం తెలుసు, నోర్ముయ్ అన్నారు. తర్వాత కావాలనే చెప్పలేదు.’

ముప్పై ఏళ్లకి దగ్గరగా పిల్లల రాతలు దిద్దుతున్నాను. ఇంత నిజం రాసిన కాగితాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ‘కావాలనే చెప్పలేదు’ అని తన మీద తాను రాసుకోవడానికి పెద్దవాళ్లకే ధైర్యం చాలదు.

ఈ నాలుగు మాటలూ ఆ పిల్ల కోసం రాయడం లేదు. ఒకే నోటి మాటలా ఉన్న ఆ మూడు కాగితాల వెనక ఉన్న అమ్మానాన్నల కోసం రాస్తున్నాను.

‘నోర్ముయ్’ అన్నవాడెవడో నాకు తెలుసు, అక్కడే కూర్చుని విన్నాను కాబట్టి. ప్రకటనకి మాటలు రాసింది వాడే. చదువులో ముందుండేవాడు, మంచివాడు కూడా. పని చెడుతుంటే కంగారుపడి నోరు జారాడు. వాడి కాగితం వాళ్ల నాన్నగారు రాసిచ్చారు. ఆయన్ని తప్పుపట్టను. రాత్రి పదింటికి పిల్లాడు నిద్రమొహంతో వచ్చి ‘నాన్నా, ఏం రాయాలి?’ అంటే ఏ తండ్రయినా పెన్ను అందుకుంటాడు. కానీ ఆ కాగితం మీద పిల్లాడు రాయగలిగిన మాట ఒక్కటే ఉంది: నోర్ముయ్ అన్నది నేనే. నాన్నగారు సమన్వయం గురించి రాసేసరికి ఆ మాటకి చోటు లేకుండా పోయింది. మార్కుల్లో ఈ కాగితం వాటా చూస్తే చాలా చిన్నది. దాని కోసం పిల్లాడి చేతిలోంచి అంత విలువైన మాట లాక్కోవడం గిట్టుబాటయ్యే బేరం కాదు.

అసలు ప్రకటన తీయించడమెందుకు, వ్యాసం రాయించొచ్చు కదా అని ఒక తల్లి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వ్యాసం ఒక్కడే రాయగలడు. ముప్పై సెకన్ల ప్రకటన ఒక్కడి వల్ల కాదు. ముప్పై సెకన్లంటే మనకి నవ్వులాటగా ఉంటుంది. మన టీవీ లెక్కలో సెకనుకు 25 బొమ్మలు, అంటే 750 బొమ్మలు. మాటలు మాత్రం తొందరపడకుండా పలికితే నలభై, యాభైకి మించి పట్టవు. ఎవరు రాసిన మాట ఉండాలి, ఎవరిది పోవాలి అన్న దగ్గరే స్నేహాలు తెగుతాయి. అక్కడ నేర్చుకునేది వ్యాసంలో దొరకదు.

నా చిన్నప్పుడు టీవీలో ప్రకటనలొస్తే లేచి వెళ్లేవాళ్లం కాదు, వాటి కోసమే కూర్చునేవాళ్లం. పెద్దయ్యాకా ఆ అలవాటు పోలేదు. బురదలో కూరుకుపోయిన అంబులెన్సును నలుగురు ఆడవాళ్లు దిగి తోసే నిర్మా ప్రకటన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకో కొంటె ఆలోచన వచ్చేది. ఆ నలుగురిలో నిజంగా తోస్తున్నదెవరు, ఊరికే చేయి వేసినదెవరు?

కొంటె ఆలోచనే గానీ, దీన్ని కొలిచినవాళ్లున్నారు. మాక్స్ రింగెల్‌మన్ అని ఫ్రాన్సులో ఒక వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి చూశాడు. జనం పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతూ వచ్చిందని 1913లో అచ్చు వేశాడు. తాడు లాగేటప్పుడు అందరి బలం ఒక్కసారిగా కలవకపోవడం కూడా అందుకు ఒక కారణం. 1979లో అమెరికాలో లతానే అనే పరిశోధకుడు, ఆయన సహచరులూ ఇదే పనిని చప్పట్లతోనూ కేకలతోనూ చేయించారు. అక్కడా అంతే, గుంపులో ఎవరికి వారు కాస్త తగ్గించుకున్నారు. ఆ తర్వాతి ప్రయోగాల్లో, ఎవరెంత అరిచారో విడిగా తెలుస్తుందని చెప్పగానే ఆ బద్ధకం పోయింది. అంటే మీ అబ్బాయి జట్టులో పని ఎగ్గొడుతున్నాడంటే సోమరిపోతని అర్థం కాదు. వాడు చేసేది ఎవరికీ కనబడటం లేదేమో చూడండి. ‘నువ్వేం చేస్తున్నావురా?’ అని గదమాయిస్తే ‘అందరం చేస్తున్నాం’ అంటాడు. ‘నువ్వు ఇవాళ రాకపోయుంటే ఏ పని ఆగిపోయేది?’ అని అడిగి చూడండి. కాసేపు ఆలోచిస్తాడు. ఆలోచించనివ్వండి.

అన్నీ తానే చేసేసే పిల్లలదీ ఇదే కథ, తలకిందులుగా. ‘వాళ్లకి రాదు నాన్నా, నేనే చేసేశా’ అని కూతురు చెబితే మన గుండె కాస్త ఉప్పొంగుతుంది. ఉన్నమాటే. కానీ ‘మరి వాళ్లకి ఏమొచ్చు?’ అని అడగడం మరిచిపోకండి. ఆ ప్రశ్నకి జవాబు లేకపోతే, ఆ పిల్ల వాళ్లతో కలిసి కూర్చుందే గానీ కలిసి పని చేయలేదు.

కలిసి కూర్చోవడమంటే గుర్తొచ్చింది. 1949లో బిల్ బెర్న్‌బాక్, మరో ఇద్దరు కలిసి న్యూయార్కులో ఒక ప్రకటనల ఏజెన్సీ పెట్టారు. అంతకుముందు ఈ రంగంలో మాటలు రాసేవాడు తన గదిలో రాసి కాగితం పంపితే, బొమ్మ వేసేవాడు ఇంకో గదిలో దానికి బొమ్మ కట్టేవాడు. వీళ్లు ఇద్దర్నీ జంటగా పనిలో కూర్చోబెట్టారు. తర్వాత ఆ వ్యాపారమంతా అదే దారి పట్టింది. మన పిల్లలు చేసేది పాత పద్ధతే. వాట్సాప్‌లో ‘నువ్వు స్క్రిప్టు, నువ్వు ఎడిటింగు’ అని పంచేసుకుంటారు, చివరి రోజు అతికిస్తారు. అతకదు. ఇక్కడ మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. ఒక ఆదివారం మీ హాలు వాళ్లకి వదిలేయండి. టీవీ కట్టేసి, ఉప్మాయో పూరీయో చేసి పెట్టి, మీరు లోపలికి వెళ్లిపోండి. ట్రైపాడ్ కొనిపెట్టడం కంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది. పెళ్లి వీడియోలు కోసే కుర్రాడికి డబ్బిచ్చి ఎడిటింగ్ చేయించడం కంటే మరీ ఎక్కువ. అలా చేయించిన ప్రకటనలు నాకు ఇట్టే తెలిసిపోతాయి. మూడో సెకనుకల్లా గులాబీ రేకులు రాలతాయి.

పోట్లాట వస్తుంది. రానివ్వండి. పిల్లాడు ఇంటికొచ్చి ఫలానా వాడు నా మాట తీసేశాడని ఏడిస్తే, వెంటనే ఆ ఫలానా వాడి అమ్మకి ఫోన్ చేయకండి. పిల్లలు మర్నాడు ఇంటర్వెల్‌లో కలిసిపోతారు, ఆ ఇద్దరు తల్లులు మాత్రం సంక్రాంతి దాకా మాట్లాడుకోరు. ఇది నేను చూసిందే.

అయితే అన్నింటికీ చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. రైలు పట్టాల మీద నిలబడి తీస్తామంటే వద్దని గట్టిగా చెప్పండి. ప్రాణం సంగతి అటుంచి, పట్టాల మీదికి అనుమతి లేకుండా వెళ్లడం రైల్వే చట్టం కింద నేరం. నీళ్ల దగ్గర పెద్దవాళ్లు ఒకరుండాలి. తీసిన వీడియోను ఇంటర్నెట్‌లో పెడతామంటే, అందులో కనబడే ప్రతి పిల్లాడి ఇంట్లోనూ అడిగాకే. జట్టులో అందరూ ఒకరినొకరు ఒకేలా చూసుకుంటున్నారో లేదో కూడా ఓ కన్నేసి ఉంచండి. ఒకే పిల్లని రోజూ వెక్కిరిస్తుంటే అది పోట్లాట కాదు, అప్పుడు మీరు మాట్లాడాల్సిందే, మాకు చెప్పాల్సిందే.

ఇంకొక సంగతి. ఈ జట్టు రాసుకున్న మొదటి స్క్రిప్టులో ‘ఈ కవరు వెయ్యేళ్లు ఉంటుంది’ అని ఉంది. ఆరుగురిలో అస్సలు నోరు విప్పనివాడు ఒకడున్నాడు, వాడు ‘ఎవరు చూశార్రా వెయ్యేళ్లు?’ అన్నాడు. అందరూ వాడి మీద పడ్డారు. పని సాగుతుంటే పుల్ల పెడతావేంట్రా అని. నిజానికి వాడు అడిగింది ప్రకటనల వ్యాపారంలో ఉన్నవాళ్లే పెట్టుకున్న నియమం. ప్రకటనల ప్రమాణాల కోసం 1985లో ముంబైలో ఏర్పడ్డ ఆస్కీ అనే సంస్థ, ప్రకటనలో చెప్పిన దానికి రుజువు చూపించగలగాలంటుంది. చివరికి వెయ్యేళ్లు తీసేసి, 120 మైక్రాన్లకన్నా పలచని ప్లాస్టిక్ క్యారీబ్యాగుల మీద 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం ఉందన్న మాట పెట్టారు. ఆ రాత్రి వాడు ఇంటికెళ్లి ‘నేనొకటి అడిగితే అందరూ తిట్టారు’ అని చెప్పుకుని ఉంటాడు. అప్పుడు ఇంట్లో ‘నీకెందుకురా, అందరితో పాటు పో’ అన్నారా, ‘ఏమడిగావు?’ అన్నారా? వాడు ఇంకోసారి నోరు విప్పుతాడా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. రైలు కూత వినే పిల్లకీ అంతే.

ఆ పిల్ల కాగితం నేను ఎవరికీ చూపించలేదు. ‘వాళ్లకి వినిపిస్తావా?’ అని మాత్రం అడిగాను. రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక మిగతా ఐదుగురినీ కూర్చోబెట్టి తనే చదివింది. ‘నోర్ముయ్’ దగ్గర ఆగింది. ఎవరన్నారో కాగితంలో రాయలేదు, పైకీ చెప్పలేదు. అన్నవాడు కాసేపు నేల చూసి ‘నేనే అన్నాను’ అన్నాడు. వాడి కాగితంలో లేని మాట అలా బయటికొచ్చింది. క్షమాపణలేమీ జరగలేదు. ఆ వయసు మగపిల్లలు అంతకంటే చెప్పరు. ‘అయితే ఆదివారం మళ్లీ తీద్దాం, రైలు సంగతి నువ్వు చూడు’ అన్నాడు.

ఆదివారం పొద్దున్నే ఆ పిల్ల పై మెట్టు మీద నిలబడి చేయి ఎత్తి పట్టుకుంది. చేయి పైకుంటే రైలొస్తోందని, దించితే తీయొచ్చని. వాళ్లే పెట్టుకున్న ఏర్పాటు. ఓసారి చేయి ఎంతకీ దించలేదు, కింద ఐదుగురూ తలెత్తి చూస్తూ నిలబడ్డారు, ఒక్కరూ విసుక్కోలేదు. రెండు టేకుల్లో అయిపోయింది. ప్రకటన గొప్పగా వచ్చిందా అంటే, ఒక మోస్తరుగా వచ్చింది. సంచి మీద రాసిన అక్షరాలు ఎండకి సరిగ్గా కనబడవు.

ఈ ఏడు కూడా తొమ్మిదో తరగతికి ఇదే పని ఇస్తున్నాను. మీ పిల్లాడు ఆ అర పేజీ కాగితం పట్టుకొచ్చి ఏం రాయాలని అడిగితే, ఘాట్ మీద ఏం జరిగిందో చెప్పమనండి. చెప్పిందంతా వినండి, మధ్యలో దిద్దకండి. విన్నాక ‘అదే రాయి’ అనండి. అక్షర దోషాలుంటే ఉండనివ్వండి, అవి దిద్దడానికి నేనున్నాను.