ఫిట్స్ మందు రాసే డాక్టరుకు మీ డ్యూటీ సంగతి చెప్పండి

ఫిట్స్‌కు మందు వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. బ్యాంకు కౌంటరు దగ్గర, బట్టల షాపులో, సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, బడిలో పక్కనే పనిచేస్తున్నా మనకు తెలియదు. వాళ్ల మందుల చీటీల్లో తరచుగా కనిపించే పేర్లు రెండు: సోడియం వాల్‌ప్రోయేట్, లెవెటిరాసెటామ్. వీటిలో ఏది మంచిదని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్న ఇలా అడగాలి: నాకొచ్చే ఫిట్స్‌కు, నా ఒంటికి, నేను చేసే పనికి ఏది సరిపడుతుంది? మొదటి రెండూ డాక్టరు పరీక్షలు చేసి తేల్చుకుంటారు. మూడోది మీరు నోరు విప్పితేనే ఆయనకు తెలుస్తుంది.

ముందు తేలాల్సింది ఫిట్స్ రకం

వాల్‌ప్రోయేట్ పాత మందు. 1967 నుంచి ఫ్రాన్స్‌లో మందుగా వాడుకలో ఉంది. లెవెటిరాసెటామ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1999లో. కొత్తది కాబట్టి అదే మేలనుకోవడం పొరపాటు. మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యే ఫిట్స్‌లో వాల్‌ప్రోయేట్‌కు ఇప్పటికీ గట్టి పేరుంది. పొద్దున నిద్ర లేవగానే చేతులు ఒక్కసారిగా ఎగిరిపడి కాఫీ గ్లాసు జారిపోవడం ఈ కోవలోదే. బ్రిటన్‌లో 520 మందితో ఈ రెండు మందులనూ పోల్చి చూసిన పరిశోధన 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఈ రకం ఫిట్స్‌ను అదుపు చేయడంలో లెవెటిరాసెటామ్ వాల్‌ప్రోయేట్‌కు సాటి రాలేదని అది తేల్చింది. మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్ అయితే లెక్క వేరు. అక్కడ లెవెటిరాసెటామ్, లామోట్రిజిన్ లాంటి మందులు ముందుకొస్తాయి. అందుకే మీ ఫిట్స్ ఏ రకమో డాక్టరును అడిగి తెలుసుకోండి. వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఫోన్లో వీడియో తీసి ఉంటే చూపించండి.

పనిలో తేడా ఎక్కడ తెలుస్తుంది

వాల్‌ప్రోయేట్‌తో కొందరికి చేతులు వణుకుతాయి. మోతాదు పెరిగేకొద్దీ వణుకూ పెరగవచ్చు. గుమాస్తాకు అది చిన్న ఇబ్బంది. నగల పని చేసేవాళ్లకు, టైలర్లకు, ల్యాబులో రక్తం తీసేవాళ్లకు మాత్రం అన్నం పెట్టేది ఆ చెయ్యే. ఒళ్లు రావడం, జుట్టు ఊడటం కూడా ఉంటాయి. వీటిని సిగ్గుపడి దాచుకోవద్దు.

లెవెటిరాసెటామ్ మొదలుపెట్టిన తొలి వారాల్లో మత్తుగా, నీరసంగా ఉండొచ్చు. అంతకన్నా గమనించాల్సింది మనసులో వచ్చే మార్పు. కొందరికి ఊరికే చిరాకు, పట్టలేని కోపం, దిగులు కమ్ముకొస్తాయి. కస్టమర్ల మీద అరుస్తారు, మేనేజరుతో మాటామాటా పెంచుకుంటారు, ఇంటికొచ్చి పిల్లల మీద చెయ్యెత్తుతారు. తర్వాత తమను తామే తిట్టుకుంటారు. అది మీ స్వభావం కాకపోవచ్చు, మందు ప్రభావం కావచ్చు. దీన్ని మీకన్నా ముందు ఇంట్లోవాళ్లే పసిగడతారు. తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వాళ్లను వెంట తీసుకెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే డాక్టరును కలవండి.

మిగతా ఒంటి సంగతులు

వాల్‌ప్రోయేట్ కాలేయం మీద భారం వేయగలదు, ప్లేట్‌లెట్లను తగ్గించగలదు. డెంగీ జ్వరమొచ్చి ఆస్పత్రికి వెళితే ఈ మందు వాడుతున్నట్టు మొదటే చెప్పండి. మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రక్తంలో వాల్‌ప్రోయేట్ స్థాయిని బాగా పడగొడుతుంది కాబట్టి ఐసీయూలో చేర్చినా ఇంట్లోవాళ్లు ఆ మాట చెప్పాలి. లెవెటిరాసెటామ్‌కు ఇతర మందులతో పేచీలు తక్కువ. అది ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. కాబట్టి కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి.

పిల్లల్ని కనే వయసులో ఉన్న మహిళలకు

ఇక్కడ రెండు మందుల మధ్య తేడా చాలా పెద్దది. గర్భంతో ఉండగా వాల్‌ప్రోయేట్ వాడితే పుట్టే ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి అవయవ లోపాలు వస్తాయి. వంద మందిలో 30 నుంచి 40 మందికి మాట, చదువు, ఎదుగుదలలో ఇబ్బందులు రావచ్చు. లెవెటిరాసెటామ్‌తో ఆ ముప్పు చాలా తక్కువ. కాబట్టి పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడే, గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడండి. వాల్‌ప్రోయేట్ వాడుతుండగా నెల తప్పితే మాత్రం భయపడి మాత్రలు ఆపేయకండి. వెంటనే డాక్టరును కలవండి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వరసగా వచ్చి తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి రావచ్చు.

షిఫ్టులు, మాత్రల వేళలు

లెవెటిరాసెటామ్ ఒంట్లో సగానికి తగ్గడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. అందుకే మామూలు మాత్రను రోజుకు రెండుసార్లు, పన్నెండు గంటల తేడాతో రాస్తారు. నైట్ షిఫ్టు వచ్చినా పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది అన్న వేళ మారకూడదు. ఫోన్లో అలారం పెట్టుకోండి. ఒక పూట మందు ఆఫీసు బ్యాగులో ఉంచుకోండి. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే మర్చిపోయినదాన్ని వదిలేయండి. ఒకేసారి రెండు మాత్రలు మింగొద్దు. నెమ్మదిగా కరిగే రకం వాల్‌ప్రోయేట్ మాత్రను నలపకూడదు, నమలకూడదు.

ఏ మందు వాడుతున్నా నిద్ర తప్పితే ఫిట్స్ రావచ్చు. రాత్రి డ్యూటీ మీకు పడకపోతే పగటి షిఫ్టు కావాలని డాక్టరు చేత చీటీ రాయించుకోండి. అది మీరు అడగదగ్గ కోరిక. వాహనం నడపడం, నిచ్చెనలెక్కడం, తిరిగే యంత్రం దగ్గర నిలబడటం లాంటివి డాక్టరు సరేననే దాకా వద్దు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తు ఫారంలో మూర్ఛ ఉందా అని నేరుగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాయొద్దు.

పక్క సీటులో నమ్మకమైన ఒకరికైనా విషయం చెప్పి ఉంచండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, చేతిలో తాళాలు పెట్టి లాభం లేదని, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని వాళ్లకు నేర్పండి.

తోటి ఉద్యోగికి పడిన మందు మీకు పడాలని లేదు. అతనికి పడనిది మీకు పడకూడదనీ లేదు. మీరేం పని చేస్తారో, ఏ వేళల్లో చేస్తారో, మందు మొదలుపెట్టాక ఏం మారిందో ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు ముందు పెట్టండి. మందు మార్చాలన్నా, మానాలన్నా ఆ గదిలోనే నిర్ణయం జరగాలి. అప్పటిదాకా ఈ పూట మాత్ర ఈ పూటే వేసుకోండి.