ఆంగ్ల బాలసాహిత్యం – మా పఠనానుభవం

పిల్లల కొరకు వ్రాసిన పుస్తకాలను పెద్దలు చదవడం మనలో కొంత వింతగానే తోస్తుంది. గ్రంథాలయంలో మేము ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ చేతబట్టుకొని కూర్చున్నప్పుడు “ఇంట్లో పిల్లలకాండీ?” అని అడిగినవారే కాని, “మీకేనా?” అని అడిగినవారు లేరు. మాకే అని చెప్పడానికి మొదట్లో మేమూ సంకోచించాము. ఇప్పుడా సంకోచం లేదు.

నిజానికి ఈ పుస్తకాలను చదవవలసిన వయస్సులో మేము చదవలేదు. పాఠశాలలో ‘నాన్‌డిటెయిల్డ్’ పేరిట ఒకటి రెండింటి సంక్షిప్త రూపాలు మాత్రమే చూచాము. తక్కినవన్నీ ఉద్యోగంలో చేరిన తరువాత చదివినవే. ఆలస్యంగా చదవడం వలన కొంత నష్టపోయాము, కొంత లాభమూ పొందాము. ఆ లాభనష్టాలను విద్యార్థి మిత్రులకు నివేదించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక స్వరం, ఒక శ్రోత

ఆంగ్లదేశంలో పిల్లల పుస్తకాల ప్రచురణ 18వ శతాబ్దంలో నిలదొక్కుకొన్నది. జాన్ న్యూబరీ 1744లో లండనులో ప్రకటించిన ‘ఎ లిటిల్ ప్రెటీ పాకెట్ బుక్’ను ఈ సందర్భంలో ముందుగా పేర్కొనడం పరిపాటి. ఆ తరువాత చాలకాలం బాలసాహిత్యంపై నీతిబోధదే పైచేయి. ఆ ధోరణి నుండి పిల్లలను విడిపించిన గ్రంథాలలో ‘ఆలిస్’ ముఖ్యమైనది.

దాని పుట్టుక అందరూ తెలుసుకోదగినది. 1862 జూలై 4వ తేదీన ఆక్స్‌ఫర్డు క్రైస్ట్ చర్చి కళాశాలలో గణితం బోధించే చార్లెస్ డాడ్జ్‌సన్, ఒక మిత్రునితోను ముగ్గురు బాలికలతోను పడవ ఎక్కి గాడ్‌స్టో వైపు వెళ్లాడు. దారిలో అప్పటికప్పుడు ఒక కథ అల్లి చెప్పాడు. పదేండ్ల ఆలిస్ లిడెల్ ఆ కథను వ్రాసి ఇమ్మని పట్టుపట్టింది. 1864లో ఆయన తన చేతివ్రాత ప్రతిని ఆమెకు బహూకరించాడు. 1865లో లూయీ కెరల్ అనే కలంపేరుతో అది అచ్చయింది. ఆ కథలో ఆలిస్ పాఠశాలలో వల్లించిన నీతిపద్యాన్ని అప్పజెప్పబోతుంది. కష్టించే తేనెటీగకు బదులు చేపలను మింగే మొసలి ఆమె నోటికి వస్తుంది. బట్టీ పట్టిన పాఠం నోటిలో తారుమారైనప్పుడు కలిగే కంగారు మనలో ఎవరికి తెలియదు? అందుకే ఆ ఘట్టం చదివినప్పుడు మాకు నవ్వుతోపాటు మా తరగతి గది కూడ గుర్తుకు వచ్చింది.

తక్కిన గ్రంథాల చరిత్రను పరిశీలించినప్పుడు ఇదే సంగతి మరల మరల ఎదురయింది. బీట్రిక్స్ పాటర్ 1893 సెప్టెంబరు 4న, జబ్బుపడిన అయిదేండ్ల నోయెల్ మూర్ అనే బాలునికి బొమ్మలతో ఒక ఉత్తరం వ్రాసింది. అదే ‘పీటర్ రాబిట్’ కథ. ప్రచురణకర్తలు నిరాకరించగా 1901లో ఆమె సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చు వేయించుకొన్నది. మరుసటి సంవత్సరం ఫ్రెడరిక్ వార్న్ సంస్థ దానిని ప్రకటించింది. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1881లో స్కాట్లండులోని బ్రేమార్‌లో, తన సవతి కుమారుడు లాయిడ్‌తో కలసి ఒక దీవి పటం గీస్తూ, ఆ పటం నుండే ‘ట్రెజర్ ఐలండ్’ కథను పెంచాడు. కెనెత్ గ్రేమ్ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులో కార్యదర్శి. ఆయన తన కుమారుడు అలస్టర్‌కు నిద్రవేళ చెప్పిన మాటలు, ఊరిలో లేనప్పుడు వ్రాసిన ఉత్తరాలు 1908లో ‘ది విండ్ ఇన్ ది విల్లోస్’ అయినవి. రడ్యార్డ్ కిప్లింగ్ కుమార్తె జోసెఫిన్ కథలో ఒక్క మాట మారినా ఒప్పుకొనేది కాదు. ఉన్నది ఉన్నట్లే చెప్పవలసిందే. ఆ బిడ్డ ఆరేండ్ల వయస్సులో 1899లో మరణించింది. ఆమె పట్టుదలే 1902లో వచ్చిన ‘జస్ట్ సో స్టోరీస్’కు పేరయింది.

శ్రోతయైన బిడ్డకు ఇది అన్నివేళల మేలే చేసినదని అనలేము. ఏ. ఏ. మిల్న్ 1926లో వెలువరించిన ‘విన్నీ ది పూ’లో తన కుమారుడు క్రిస్టఫర్ రాబిన్‌ను సొంత పేరుతోనే పాత్రను చేశాడు. ఆ కుమారుడు పెద్దవాడై 1974లో ప్రకటించిన స్మృతిగ్రంథంలో, ఆ పేరు వలన బడిలో తాను పడిన బాధను చెప్పుకొన్నాడు.

ఏది ఏమైనా ఒక సత్యం మాకు స్పష్టమయింది. లోకమంతటా చదివే ఈ పుస్తకాలు లోకం కొరకు పుట్టలేదు. ఎదురుగా ఉన్న ఒక బిడ్డ కొరకు, ఒక పెద్దమనిషి నోట పుట్టినవి. ఆ విషయంలో అవి మన నాయనమ్మల కథలకు దూరమైనవి కావు.

సంక్షిప్త గ్రంథం, సంపూర్ణ గ్రంథం

మా పాఠశాలలో ‘ట్రెజర్ ఐలండ్’ ఒక పలుచని పుస్తకం. దానికంటె గైడు లావుగా ఉండేది. ఒంటికాలి జాన్ సిల్వర్ గుణశీలాలను వర్ణించండి అనేది ఖాయమైన ప్రశ్న. అతడు క్రూరుడు, కపటి, ధనాశాపరుడు అని గైడులో ఉన్నట్లు వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాము.

చాల సంవత్సరాల తరువాత పూర్తి గ్రంథం చదివినప్పుడు ఆశ్చర్యపోయాము. సిల్వర్ క్రూరుడే, కాని ధైర్యశాలి, చమత్కారి, బాలుడైన జిమ్‌ను నిజంగానే మెచ్చుకొన్నవాడు. చివరకు అతడు ఉరికంబం ఎక్కడు. నాణేల సంచి ఒకటి తీసుకొని ఓడ నుండి తప్పించుకొనిపోతాడు. ధనం దొరికిన జిమ్‌కు మాత్రం ఆ దీవి పీడకలలుగా మిగులుతుంది. మంచివానికి బహుమానం, చెడ్డవానికి దండన అని మేము వ్రాసిన జవాబుకు ఆ గ్రంథంలో చోటు లేదు. తనకు అపాయం తలపెట్టిన మనిషిపట్ల కూడ ఒక బాలునికి ఇష్టం కలుగవచ్చునని, ఆ ఇష్టం తప్పుకాదని రచయిత చెప్పకయే చెప్పాడు. కథను కుదించినవారు సంఘటనలను నిలిపి సందేహాన్ని తీసివేశారు. సాహిత్యం ఆ సందేహంలోనే ఉన్నదని మాకు అప్పుడు తెలియదు.

ఆయా పాట

ఇక మా మనస్సును గట్టిగా తాకిన గ్రంథం ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 1911లో ప్రకటించిన ‘ది సీక్రెట్ గార్డెన్’. దీనిని కూడ ముందు సంక్షిప్తంగానే చదివాము. మేరీ అనే అనాథ బాలిక యార్క్‌షైరులోని పినతండ్రివంటి ఒక బంధువు భవనంలో చేరి, తాళం వేసిన తోటను కనుగొని, దానిని బ్రతికించి, తానూ బాగుపడడం కథ. అది మాకు ఎంతో ప్రియమైన కథ అయింది.

పూర్తి గ్రంథం చేతికి వచ్చిన తరువాత ఆ ప్రీతికి దెబ్బ తగిలింది. మేరీ పుట్టింది మన దేశంలో. ఆమెను పెంచింది ఆయా. కలరా వచ్చి ఆయా చనిపోతుంది, తల్లిదండ్రులూ పోతారు. ఆయా కొరకు ఆ బిడ్డ కంటతడి పెట్టదు. కొత్త ఆయా వస్తే కొత్త కథలు చెబుతుంది కాబోలు, పాతవి విని విసుగుపుట్టిందని మాత్రం అనుకొంటుంది. యార్క్‌షైరులో పనిపిల్ల మార్తా, ఇండియా నుండి వచ్చే పిల్ల నల్లగా ఉంటుందనుకొన్నానని చెప్పగానే మేరీ మండిపడుతుంది. నేటివులు మనుషులే కారని, సలాములు చేయవలసిన నౌకర్లని అరుస్తుంది. పైగా ఈ దేశపు ఎండయే ఆమెను పసుపుపచ్చగా, పెంకెగా చేసినదని, యార్క్‌షైరు గాలి ఆమెను మనిషిని చేసినదని గ్రంథం ధోరణి.

ఆ పుటవద్ద మేము పుస్తకం మూసివేశాము. ఇన్నాళ్లు మేము ఆ తోట తలుపు మా కొరకు కూడ తెరచి ఉన్నదనుకొన్నాము. మేము లోపల లేమని, గుమ్మం వద్ద సలాము చేస్తూ నిలబడి ఉన్నామని ఆ వాక్యం మాకు చెప్పింది. కొన్ని నెలలు దాని జోలికి పోలేదు.

మరల తెరచినది కేవలం మధ్యలో విడిచిన గ్రంథాన్ని ముగించవలెననే పట్టుదలతో. అప్పుడు రెండు సంగతులు కనబడినవి. మొదటిది, ఆ మాట అన్నప్పటి మేరీని రచయిత్రి మంచిపిల్లగా చూపలేదు. నల్లవారు కూడ మనుషులే, సోదరులే అని మతసంబంధమైన చిన్న పుస్తకాలలో చదివిన మాటను నోటవుంచుకొన్నది ఆ పేద పనిపిల్ల మార్తాయే. రెండవది ఇంకను ముఖ్యం. మంచం పట్టి, చావుభయంతో నిద్రపట్టని కోలిన్ అనే బాలుని వద్దకు ఒక రాత్రి మేరీ వెళుతుంది. తన ఆయా చేసినట్లే అతని చేయి నిమిరి, మెల్లగా హిందుస్తానీలో ఒక పాట పాడుతుంది. ఆ బాలుడు నిద్రపోతాడు. తోటకంటె ముందు అతనికి ఊరట ఇచ్చింది ఆ పాట. ఏడుపునకైనా నోచుకొనని ఆ ఆయా, యార్క్‌షైరు చీకటిలో ఒక బిడ్డ గొంతులో తిరిగి వచ్చింది. మేము చదివిన సంక్షిప్త ప్రతిలో ఆ అవమానమూ లేదు, ఈ జోలపాటా లేదు. మా నొప్పిని తప్పించినవారు మా వాటాను కూడ తీసివేశారు.

ఈ సంగతిని మా ఉర్దూ శాఖ మిత్రులొకరికి చెప్పాము. ఆయన ఎంతో శ్రద్ధగా విని, “లోరీ పాడిందన్నారు, బాగున్నది. ఆ లోరీ మాటలేమిటి సాబ్?” అని అడిగారు. మేము గ్రంథం తిరగవేసి చూచాము. మాటలు లేవు. పాట పాడినట్లు ఉన్నది కాని, పాట లేదు.

వినికిడి ఋణం

కిప్లింగ్ విషయంలోను ఇటువంటిదే గమనించాము. ఆయన 1865లో బొంబాయిలో జన్మించాడు. మధ్యాహ్నం నిద్రకు ముందు ఆయా, నౌకరు కథలు చెప్పేవారని, పాటలు పాడేవారని, తరువాత తల్లిదండ్రుల ముందు ఇంగ్లీషులోనే మాట్లాడవలెనని హెచ్చరించి పంపేవారని, తాము లోలోపల ఆలోచించే దేశభాష నుండి తడుముకొంటూ ఇంగ్లీషు మాట్లాడేవారమని ఆయనే ఆత్మకథలో చెప్పుకొన్నాడు. 1894లో ‘ది జంగిల్ బుక్’ వ్రాసిన చేయి, సామ్రాజ్యాన్ని కీర్తించిన చేయి ఒకటే. ఈ రెండింటిలో ఒకదానిని మరచి మరొకదానిని చదవడం న్యాయం కాదు.

కథలు ఒకవైపునకే ప్రయాణించినవని కూడ అనుకోనక్కరలేదు. మన పంచతంత్రం పహ్లవీలోనికి పోయి, 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా చేతిలో ‘కలీలా వ దిమ్నా’గా అరబ్బీలో వెలసి, అనేక భాషలు దాటి 1570లో థామస్ నార్త్ ద్వారా ఇంగ్లీషుకు చేరింది. అదే కథలు ఉర్దూలో ‘ఖిరద్ అఫ్రోజ్’ అయినవి. తెలుగులో 1853లో చిన్నయసూరి ‘నీతిచంద్రిక’గా వెలువడినవి. మన కళాశాలలో రెండు శాఖల విద్యార్థులు వేర్వేరు గదులలో కూర్చొని ఒకే నక్కల కథ చదువుతున్నారన్నమాట. ఇది గర్వించడానికి చెప్పడం లేదు. కథ ఎవరి సొత్తు అని తగవులాడేకంటె, ఎవరు ఎవరికి చెప్పారో గుర్తుంచుకొనడం మేలని మా అభిప్రాయం.

మన కర్తవ్యం

విద్యార్థి మిత్రులారా! మీలో పెక్కుమంది మీ ఇంటిలో ఇంగ్లీషు గ్రంథం పట్టుకొన్న మొదటివారు. ఈ పుస్తకాలు పిల్లలవని సిగ్గుపడకండి. వాటి భాష సరళం, భావం మాత్రం లోతు. సంక్షిప్త ప్రతితో తృప్తిపడకండి. బాధించే పుట వచ్చినప్పుడు దానిని దాచవద్దు, దానికై గ్రంథాన్ని విసరివేయవద్దు. మనసు నొచ్చిన చోట ఒక గీత గీచి ముందుకు చదవండి. మా అనుభవంలో, మాకు చెందవలసినది ఆ గీతకు చాల పుటల తరువాత దొరికింది.

కార్యవర్గంవారికి ఒక చిన్న మనవి. మన గ్రంథాలయంలో బాలసాహిత్యానికి ఒక అర కేటాయించవలెను. అందులో ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు పుస్తకాలు పక్కపక్కన ఉండవలెను. రేపు ఈ విద్యార్థులే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కాబోతున్నారు. పిల్లలకు ఏమి చదివి వినిపించవలెనో వారికి ఇప్పుడే తెలియడం అవసరం.

చివరగా, మా మిత్రుడు అడిగిన ప్రశ్నకు జవాబు మాకు దొరకలేదు. బర్నెట్ గ్రంథంలో అది దొరకదు. అటువంటి లోరీలు, జోలపాటలు ఇంకను మన ఇండ్లలో పెద్దవారి నోటనే ఉన్నవి. సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు మీ దాదీనో, నానీనో, అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి ఒక్క పాటనైనా, ఒక్క కథనైనా వారి మాటలలోనే వ్రాసి తీసుకొని రండి. కాలేజీ సంచికలో వాటికి చోటు ఉంటుందని ఆశిస్తున్నాము.