పల్లె ఆడవాళ్ల పత్రిక

ఉత్తరప్రదేశ్‌లో చిత్రకూట్ అనే జిల్లా ఉంది. అక్కడి పల్లె ఆడవాళ్లు 2002లో ఒక పత్రిక పెట్టారు. పేరు ఖబర్ లహరియా. అంటే వార్తల అలలు.

వాళ్లలో చాలామంది దళితులు. పెద్ద చదువులు లేవు. కొందరు పెద్దయ్యాకే అక్షరాలు దిద్దారు. అయినా జంకలేదు. ఊరూరా తిరిగారు. నీళ్లు రాకపోయినా రాశారు. ఆడదానిమీద దెబ్బ పడినా రాశారు. అదీ తమ యాసలోనే, బుందేలీలో. పత్రికను తామే మోసుకెళ్లి అమ్మారు.

2009లో యునెస్కో అక్షరాస్యతా బహుమతి వచ్చింది. తరవాత పత్రిక కాగితం వదిలి ఇంటర్నెట్‌లోకి మారింది. సెల్ ఫోనే కెమెరా అయింది.

చూశారా! రాయడం వస్తే అడగడం వస్తుంది.

మీ ఊళ్లో బోరింగు చెడిందా? రోడ్డు పాడైందా? నాలుగు వాక్యాలు రాయండి. పదిమందికీ చదివి వినిపించండి.