వేసవి సంగీత శిబిరమున కుర్చీల పోటీ

ఇంటిలో ఒంటరిగా ఫిడేలు నభ్యసించు బాలుడు తన ధ్వనిని మాత్రమే వినును. ఊరి పాఠశాలలో తనకంటె బాగుగ వాయించువారు లేనియెడల, తన విద్య యెంతటిదో యతడెఱుగుటకు మార్గమే లేదు. ఈ కొఱత తీర్చుటకై అమెరికాలో నేర్పడిన వేసవి శిబిరములలో ఇంటర్‌లాకెన్ శిబిరము మిక్కిలి పేరుగాంచినది. అందలి యొక పద్ధతిని గూర్చి యిచట విచారింతము.

1926 వ సంవత్సరమున జోసెఫ్ మాడీ యను సంగీతోపాధ్యాయుడు ఆ దేశపు పలు ప్రాంతముల ఉన్నత పాఠశాలల బాలబాలికలను డెట్రాయిట్ నగరమున సమకూర్చి, సంగీతోపాధ్యాయుల మహాసభలో ఒక గొప్ప వాద్యబృందముగ వాయింపజేసెను. కొలది దినములకే విడిపోవుటకు పిల్లలకు మనసొప్పలేదందురు. 1928 లో ఆయన మిషిగన్ రాష్ట్రమున రెండు సరస్సుల నడిమి యడవిలో శిబిరము నెలకొల్పగా, మొదటి వేసవికి 115 మంది చేరిరి.

మన కచేరీలో ఫిడేలువాడు ఒక్కడే. గాయకుని చెవితో ననుసరించును. పాశ్చాత్య వాద్యబృందములో నట్లు కాదు. పదిమందికి పైగా ఫిడేళ్లవారు వ్రాసిన స్వరములను చూచుచు, కమానుల నొకే దిక్కునకు లాగుచు, ఒక్క గొంతుకవలె వినబడవలెను. వారిలో నేర్పరి మొదటి కుర్చీయందును, తక్కినవారు వరుసగ వెనుకను గూర్చుందురు.

ఇంటర్‌లాకెన్‌లో అనేక సంవత్సరములు ఈ కుర్చీలకై వారమున కొకసారి పోటీ జరుగుచుండెడిది. వెనుకవాడు ముందువానిని సవాలు చేయును. నిర్ణయించిన భాగమును ఇరువురును ఒకరి తరువాత నొకరు వాయింతురు. తోడివారు కన్నులు మూసికొని విని, చేతులెత్తి తీర్పు చెప్పుదురు. ఓడినవాడు అందఱి యెదుటను లేచి, గెలిచినవానికి కుర్చీ విడువవలెను.

కన్నులు మూసికొనుటవలన ముఖప్రీతికి తావు తగ్గును. తీర్పరులైన పిల్లలు శ్రుతిలోని వెంట్రుకవాసి భేదమును గూడ గుర్తింప నేర్తురు. మా యెన్నికలో గెలుపుకంటె నిదియే అధికలాభము. అయినను, తన యూరిలో మొదటివాడై వచ్చిన పదునాలుగేండ్ల బాలుడు మొదటి వారముననే కడపటి వరుసకు దిగినచో నేమగును? ప్రక్కనుండి ధైర్యము చెప్పు పెద్దలు లేకున్న, అతడు సంగీతమును విడిచి పొరుగువానిని జయించుటనే అభ్యసించును. మార్కులనుబట్టి బెంచీలమీద కూర్చుండబెట్టు నాచారము నెఱిగినవారము గనుక, ఈ కీడు మాకు క్రొత్తది కాదు.

ఆ శిబిరముననే దీనికి విరుగుడువంటి యాచార మొకటి కలదు. కచేరీ ముగిసినంతట, హోవర్డ్ హాన్సన్ అను అమెరికా స్వరకర్త రచించి 1930 లో ప్రథమముగ వినిపింపబడిన రెండవ సింఫనీనుండి గ్రహించిన మృదువైన స్వరభాగమును అందఱును కలిసి వాయింతురు. అప్పుడు బృందమును నడుపువాడు విద్యార్థియే. పిమ్మట చప్పట్లు కొట్టరాదు. మొదటి కుర్చీవాడును, కడపటి కుర్చీవాడును ఆ నిశ్శబ్దములోనే వాద్యములను పెట్టెలలో నుంచికొని చెట్లక్రింది బసలకు మరలిపోవుదురు.