ప్రమాద నష్టపరిహారం: మన ఇళ్లలో తెలియాల్సిన సంగతులు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ తమ్ముళ్లకు అంతకంటే పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. నేను పదిహేనేళ్లుగా ఒక లాయరు గారి దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా బల్ల మీదికి వచ్చే ప్రమాదం ఫైళ్లలో మిర్చి కూలీలవి చాలా ఉంటాయి.

కోతల కాలంలో తెల్లవారకముందే మన పల్లెల నుంచి ఆటోలు, ట్రాక్టర్లు కూలీలతో బయలుదేరడం మీరు చూసిందే. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిర్చి కోతకు వెళ్లి తిరిగొస్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని కూలీలు చనిపోయారు. 2025 ఫిబ్రవరిలో పల్నాడు జిల్లా ముప్పాళ్ల మండలంలో ట్రాక్టరు బోల్తా పడి నలుగురు ఆడకూలీలు పోయారు. పేపర్లో పోయినవారి లెక్క వస్తుంది. చెయ్యో కాలో విరిగి ఇంటికి చేరినవారి సంగతి ఎవరికీ పట్టదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, 2004లో, కోతకు వెళ్లే ఆటో తిరగబడి మా చిన్నమ్మ కుడిచెయ్యి నలిగింది. ఆటో మన ఊరి వాళ్లదే. ఆసుపత్రిలో చేర్పించేటప్పుడు వాళ్ల మనిషి పక్కనే ఉండి, "కేసు అనకండి, పదివేలు ఇస్తాం" అన్నాడు. ఇంట్లో చదువుకున్నవాడిని నేనొక్కడినే. మా బాబాయి కాగితం నా చేతికిచ్చి "ఏం రాశారో చూడరా" అన్నాడు. ఇంగ్లీషు. జారి పడిందని రాసి ఉంది. నాకు సరిగా అర్థం కాలేదు, కాలేదని చెప్పడానికి సిగ్గేసింది. బాగానే ఉందని తలూపాను. బాబాయి వేలిముద్ర వేశాడు.

ఇరవై మూడు రోజుల తర్వాత, డబ్బు ఇవ్వకపోతే, పోలీసు స్టేషనుకు వెళ్లారు. కేసు వేశారు. బీమా కంపెనీ లాయరు చేసిందల్లా ఆ కాగితం చూపించడమే. కేసు కొట్టేశారు.

అందుకే తమ్ముళ్లూ, మొదటి మాట. ఆసుపత్రిలో ప్రమాదం ఎలా జరిగిందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పించండి: ఏ బండి, ఎక్కడ, ఎన్ని గంటలకు. రాసింది చదవండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. పోలీసులకు ఫిర్యాదు అదే రోజు ఇవ్వండి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. 2022 నుంచి అమలైన నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదికను ట్రిబ్యునలుకు పంపాలి. వాళ్లు పంపుతారులే అని మీరు ఊరుకోవద్దు.

మన ఊరివాడి మీద కేసా అని పెద్దలు అడ్డుపడతారు. వాళ్లకు చెప్పండి: బండికి బీమా, డ్రైవరుకు లైసెన్సు సరిగా ఉంటే, డబ్బు కట్టేది మామూలుగా బీమా కంపెనీ. ఆటోవాడి ఇల్లు అమ్మించడానికి కాదు ఈ కేసు. అయితే ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పన్నెండు మంది ఎక్కితే కంపెనీ బాధ్యత బీమా ఉన్న సంఖ్య వరకే. ట్రాక్టరు ట్రక్కులో కూర్చున్న కూలీలకు పాలసీ వర్తించదని కంపెనీలు గట్టిగా వాదిస్తాయి, చాలాసార్లు గెలుస్తాయి. అప్పుడు భారం యజమాని మీద పడుతుంది. కొన్ని కేసుల్లో ముందు కంపెనీని కట్టమని, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పాయి.

ఇక గడువు. చిన్నమ్మ రోజుల్లో పిటిషనుకు గడువు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి. ఈ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు కొందరు వెళ్లారు కానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునలులోనే వేయవచ్చు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే దారి వేరు: ఆర్డీవో లేదా తహసీల్దారుకు దరఖాస్తు పెడితే మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి యాభై వేలు వస్తాయి.

ఇప్పుడు లెక్క. ఇది లెక్కల మాస్టారు చెప్పని లెక్క. 35 ఏళ్ల కూలీ నెల సంపాదన 9,000 అని కోర్టు ఒప్పుకుందనుకోండి. సొంతంగా పనిచేసుకునే 40 ఏళ్ల లోపు వారికి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలపాలని 2017లో సుప్రీంకోర్టు ప్రణయ్ సేఠీ కేసులో చెప్పింది. అంటే 12,600. ఏడాదికి 1,51,200. 2009 నాటి సరళా వర్మ తీర్పు పట్టిక ప్రకారం 31-35 ఏళ్ల వయసుకు గుణకం 16. సంపాదించే శక్తి 20 శాతం పోయిందంటే 4,83,840 రూపాయలు. అదే 40 శాతం అంటే 9,67,680. మందుల బిల్లులు, ఆటో ఖర్చులు, మంచాన ఉన్న రోజుల కూలి, పడ్డ బాధ వీటికి అదనం.

చూశారా, అంతా ఆ శాతంలోనే ఉంది. డాక్టరు సర్టిఫికెట్టులోని శాతం, సంపాదన పోయిన శాతం ఒకటి కావు. రాజ్ కుమార్, అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా విడమరిచింది: ఎడమచెయ్యి పోయిన డ్రైవరుకో వడ్రంగికో దాదాపు వంద శాతం నష్టం, అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. మిరపకాయ కోయడానికి బొటనవేలు, చూపుడువేలు కలవాలి. చిన్నమ్మకు కలవవు. కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట ఆమెకు సగమే వస్తుంది. ఇలాంటి సంగతి సాక్ష్యంలో చెప్పించాలి. ఏం పని చేస్తుందో, ఆ పనికి ఏ వేలు కావాలో చెప్పకపోతే జడ్జి గారికి ఎలా తెలుస్తుంది?

ఆసుపత్రి గుమ్మంలో "పైసా వద్దు, వచ్చినదాంట్లో వాటా ఇవ్వండి" అనేవాళ్లు తగులుతారు. అలా వాటా మాట్లాడుకోవడం లాయర్ల నియమాలకే విరుద్ధం. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 న్యాయ సేవాధికార చట్టం చెబుతోంది. గుంటూరు, ఒంగోలు కోర్టుల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఫోను 15100. లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే వెళ్లండి కానీ, సంతకానికి ముందు పైన చెప్పిన లెక్క ఒకసారి వేసుకోండి. అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు లేదు.

వెళ్లేటప్పుడు ఎఫ్.ఐ.ఆర్., గాయాల సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితం, బిల్లులు, బండి నంబరు, ఆధార్ తీసుకెళ్లండి. అసలు కాగితాలు ఎవరికీ వదిలిరావద్దు, జిరాక్సులు ఇవ్వండి.